ముద్ర పడిన కారు

ప్రమాదంలోనో వరదలోనో దెబ్బతిన్న కారును బీమా సంస్థ నష్టం కింద రాసేసి వేలానికి పెట్టినప్పుడు, దానిని తక్కువ ధరకు పాడుకుని, ట్రైలరు మీద ఇంటికి చేర్చుకుని, నెలల తరబడి సొంత షెడ్డులో బాగుచేసుకునే అలవాటు అమెరికాలో బాగా వేళ్లూనుకొని ఉంది. అటువంటి వాహనాన్ని అక్కడ సాల్వేజ్ కారు అంటారు. మునిగిన ఓడ నుంచి దక్కించుకున్న సరుకుకు సముద్ర వ్యాపారంలో వాడిన మాటే మోటారు బీమాలోకి వచ్చి, పరిహారం చెల్లించిన తరువాత సంస్థ చేతిలో మిగిలే శిథిల వాహనానికి పేరుగా స్థిరపడింది. వంగిన ఇనుమును సరిచేయడం గౌరవించదగిన పనే అయినా, ఆ ఇనుము ఒకసారి వంగిందన్న సంగతిని తరువాతి యజమానికి తెలియకుండా దాచడం మనుషుల ప్రాణాల మీదికి తెస్తుంది గనుక, ఈ వ్యవహారంలో రెంచీకి ఎంత పాత్ర ఉందో కాగితానికీ అంతే పాత్ర ఉంది.

నష్టం ఎలా తేలుతుంది

కారు ‘టోటల్ లాస్’ అయిందంటే ఇక దేనికీ పనికిరాదని చాలామంది అనుకుంటారు గాని, మరమ్మతు గిట్టుబాటు కాదని బీమా సంస్థ తేల్చిందనే ఆ మాటకు అర్థం. ఆ గీత ఎక్కడ గీయాలన్నది అమెరికాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో విధంగా నిర్ణయించుకుంది; మరమ్మతు ఖర్చు కారు విలువలో ఓక్లహోమాలో 60 శాతానికి, ఫ్లోరిడాలో 80 శాతానికి, టెక్సస్‌లో 100 శాతానికి చేరినప్పుడు ఆ కారు నష్టం కింద జమ అవుతుంది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో మరమ్మతు ఖర్చుకు శిథిలం అమ్మితే వచ్చే ధరను కలిపి, ఆ మొత్తం కారు మార్కెట్ విలువను దాటిందా లేదా అని చూస్తారు. పాతబడి విలువ తగ్గిన కారులో రెండు ఎయిర్‌బ్యాగులు విచ్చుకుని, ముందు బంపరు, రేడియేటరు, హెడ్‌లైట్లు పోతే చాలు, ఇంజను చెక్కుచెదరకపోయినా ఖర్చు ఆ గీతను దాటిపోతుంది. బీమా సంస్థ కంపెనీ విడిభాగాల ధరనూ, అమెరికా వర్క్‌షాపుల గంట కూలినీ లెక్కలోకి తీసుకుంటుంది. సొంతంగా బాగుచేసుకునే వ్యక్తి తన శ్రమకు వెల కట్టుకోకుండా, పాత సామాను యార్డులో దొరికే తలుపునూ బానెట్‌నూ తెచ్చి బిగించుకుంటాడు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా మీదనే ఈ వ్యాపారమంతా నడుస్తోంది.

అమెరికాలో ప్రతి వాహనానికి ‘టైటిల్’ అనే యాజమాన్య పత్రం ఉంటుంది. వాహనం నష్టం కింద జమ అయినప్పుడు ఆ పత్రం మీద ‘సాల్వేజ్’ అన్న ముద్ర పడుతుంది, అప్పటి నుంచి దానిని రోడ్డు మీద నడపడం కుదరదు. బాగుచేసి రాష్ట్ర అధికారుల తనిఖీలో నెగ్గిన తరువాత ఆ ముద్ర స్థానంలో ‘రీబిల్ట్’, అంటే పునర్నిర్మితమైనది అన్న ముద్ర వస్తుంది గాని, పత్రం మళ్లీ మచ్చలేనిదిగా మారదు. మరీ పాడైపోయిన వాటికి మరమ్మతుకు తగనివన్న ముద్ర వేస్తారు. అవి విడిభాగాలుగానో తుక్కుగానో పోవలసిందే తప్ప మళ్లీ రిజిస్టరు కావు. వేలంలో కొనదలచినవారు కారు కంటే ముందు ఈ ముద్రను చదవాలి.

వేలం పాట

ఈ శిథిలాల వ్యాపారాన్ని పెద్ద పరిశ్రమగా మార్చిన కోపార్ట్ సంస్థను విల్లిస్ జాన్సన్ 1982లో కాలిఫోర్నియాలోని వలేహోలో ఒక్క యార్డుతో మొదలుపెట్టాడు. తరువాతి దశాబ్దాల్లో పాట ఇంటర్నెట్‌లోకి మారడంతో, యార్డులో నిలబడి చెయ్యెత్తే కొనుగోలుదారుల స్థానంలో పది పన్నెండు ఫోటోలను మాత్రమే చూసి దేశదేశాల నుంచి ధర పెంచేవారు వచ్చారు. కోపార్ట్‌కు పోటీగా ఉన్న ఇన్సూరెన్స్ ఆటో ఆక్షన్స్ సంస్థ 2023లో రిచీ బ్రదర్స్ అనే సంస్థ చేతికి వెళ్లింది. చాలా రాష్ట్రాల్లో ఈ వేలాల్లో నేరుగా పాల్గొనడానికి డీలరు లైసెన్సు కావాలి గనుక, మామూలు మనుషులు బ్రోకరు ద్వారా పాడుకుంటారు. ‘నడుస్తుంది’ అని జాబితాలో రాసి ఉంటే, యార్డుకు వచ్చినప్పుడు అది స్టార్టయి కొంత దూరం కదిలిందనే అర్థం చేసుకోవాలి. ఆ మాటను ఎవరూ పూచీగా ఇవ్వరు.

పాడిన ధర ఒక్కటే ఖర్చు అనుకున్నవారు ఇక్కడే మోసపోతారు. కొనుగోలు రుసుము, గేటు రుసుము, గడువులోగా తీసుకెళ్లకపోతే రోజువారీ అద్దె, తరలింపు, విడిభాగాలు, రంగు, తనిఖీ అన్నీ కలిపి చూడాలి. ఉదాహరణకు మచ్చలేని పత్రం ఉన్న ఒక కారు 15,000 డాలర్లు పలుకుతుందని అనుకుంటే, రీబిల్ట్ ముద్ర ఉన్న కార్లు సాధారణంగా 20 నుంచి 40 శాతం తక్కువకు పోతాయి గనుక, 30 శాతం తీసేసినా దాని విలువ 10,500 డాలర్లకు దిగుతుంది. వేలం ధర, రుసుములు కలిపి 4,500, రవాణా 500, విడిభాగాలు 3,500, రంగు 1,200, తనిఖీ 300 చొప్పున వేస్తే ఖర్చు 10,000కు చేరుతుంది. మిగిలిన 500 డాలర్లు వందల గంటల శ్రమకు దక్కే ప్రతిఫలం. పైగా ఇటువంటి కారుకు ఎదుటివారికి జరిగే నష్టానికి సంబంధించిన బీమా దొరికినా, సొంత డామేజీకి బీమా ఇవ్వడానికి చాలా సంస్థలు వెనకాడతాయి. అమ్ముకునే ఆలోచనతో దిగేవారి కంటే, పనిమీద ఇష్టంతో దిగి ఆ కారును తామే పదేళ్లు వాడుకునేవారికే ఇది కలిసివస్తుంది.

ట్రైలరు మీద ప్రయాణం

విరిగిన కారును ఇంటికి తేవడం బాగుచేయడమంత కష్టమైన పని, అంతకంటే ప్రమాదకరమైన పని. బ్యాటరీ చచ్చిపోయిన కొత్త కార్లలో గేరు పార్కింగులోనే ఇరుక్కుపోయి, ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు పట్టుకుపోయి చక్రాలు తిరగవు. తాళంచెవి లేకపోతే స్టీరింగు కదలదు. ఇరుసు విరిగితే ఒక చక్రం పక్కకు వాలి ఉంటుంది. అటువంటి చక్రం కింద చిన్న చక్రాల పీటను దూర్చి, ట్రైలరు ముందు భాగంలో బిగించిన విన్చి, అంటే ఉక్కు తాడును చుట్టుకుంటూ బరువును లాగే యంత్రంతో కారును అంగుళం అంగుళంగా పైకి లాగుతారు. ఆ తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది గనుక, లాగుతున్నంతసేపూ దాని వరుసలో ఎవరినీ నిలబడనివ్వరు.

కారు పైకి ఎక్కిన తరువాత దానిని ఎక్కడ ఆపాలన్నది అసలు విద్య. ట్రైలరు, దాని మీది సరుకు కలిసిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం లాగే బండి కొక్కెం మీద పడాలి. 1,500 కిలోల కారును 900 కిలోల ట్రైలరు మీద పెట్టినప్పుడు మొత్తం 2,400 కిలోలలో 240 నుంచి 360 కిలోల బరువు కొక్కెం మీద ఉండాలన్నమాట. బరువు వెనక్కి జరిగితే కొక్కెం తేలికై, వేగం పెరిగేకొద్దీ ట్రైలరు పాము మెలికల్లా ఊగడం మొదలుపెట్టి, చివరికి లాగే బండిని కూడా పల్టీ కొట్టిస్తుంది. ఇంజను ఉన్న వైపే కారు బరువు కాబట్టి అది ట్రైలరు ఇరుసులకు కాస్త ముందుగా వచ్చేటట్టు నిలిపి, నాలుగు మూలలా నాలుగు పట్టీలు వేసి బిగించి, పది పదిహేను మైళ్లు వెళ్లాక రోడ్డు పక్కన ఆగి వాటిని మళ్లీ బిగించడం అనుభవజ్ఞులు తప్పని పద్ధతి. దెబ్బతిన్న బానెట్ కొక్కెం గాలి వేగానికి ఊడిపోతుంది గనుక దానిని తాడుతో కట్టేస్తారు. లోపల పడి ఉన్న అద్దం పెంకులనూ బంపరు ముక్కలనూ బయలుదేరక ముందే ఏరేస్తారు, లేకపోతే అవి వెనుక వచ్చే మరో బండి అద్దానికి తగులుతాయి.

కొలత, ఉక్కు, గాలి సంచి

ఈనాటి కార్లకు లారీలకు మాదిరిగా విడిగా ఛాసిస్ ఉండదు. నేల, స్తంభాలు, పైకప్పు అన్నీ ఒకదానికొకటి అతికిన పెట్టెలా ఉంటాయి. ఆ పెట్టె ముందు వెనుక భాగాలు ఢీకొన్నప్పుడు ముడుచుకుపోయి, ఆ తాకిడి శక్తిని తామే మింగి, మనుషులు కూర్చునే గదిని కాపాడేటట్టు రూపొందించే ఆలోచనకు ఆద్యుడు మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బారెన్యి. 1951లో ఆయన దాని మీద పేటెంటు కోరాడు, 1959లో వచ్చిన ఆ సంస్థ కార్లలో అది ఆచరణకు వచ్చింది. ఒకసారి ముడుచుకున్న భాగాన్ని సుత్తితో సాగదీసి పైన రంగు వేస్తే కంటికి కొత్తగానే కనిపిస్తుంది గాని, రెండోసారి అది రూపకర్త అనుకున్న విధంగా ముడుచుకోదు. మరీ గట్టి ఉక్కుతో చేసే స్తంభాలను వేడిచేసి వంచితే వాటి బలమే పోతుంది, వాటిని కత్తిరించి కొత్తవి అతకవలసిందే.

పెట్టె వంకర తిరిగిందో లేదో తెలుసుకునే మొదటి పరీక్ష ఏ పల్లెలోని మేస్త్రీకైనా తెలిసినదే. ఇంటి పునాదికి మూలమట్టం కుదిరిందా అని చూడడానికి అతడు ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి రెండు కర్ణాలనూ కొలిచినట్టే, బానెట్ తెరిచి ఎడమ ముందు మూల నుంచి కుడి వెనుక మూలకూ, కుడి ముందు మూల నుంచి ఎడమ వెనుక మూలకూ టేపు పట్టి కొలుస్తారు. రెండూ సమానంగా ఉండాలి, తయారీదారు పుస్తకంలోని కొలతతో సరిపోవాలి. కొద్ది మిల్లీమీటర్ల తేడా మించితే లాగి సరిచేసే బెంచి ఉన్న వర్క్‌షాపుకు కారును పంపకుండా ముందుకు వెళ్లకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని ఎయిర్‌బ్యాగుది. సంచిని గ్యాసుతో నింపే ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బా ఒక్కసారే పనిచేస్తుంది; విచ్చుకున్న సంచిని మడిచి మళ్లీ లోపల పెట్టడం, ఖాళీ చోటును గుడ్డతో నింపి మూత బిగించడం, డాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపం వెలగకుండా తీగలను కలిపేయడం వంటి మోసాలు బయటపడుతూనే ఉన్నాయి. 2024 జులైలో అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ ఒక హెచ్చరిక విడుదల చేస్తూ, అంతకు ముందరి తొమ్మిది నెలల్లో నాసిరకపు ప్రత్యామ్నాయ ఇన్‌ఫ్లేటర్ల వల్ల ముగ్గురు మరణించారనీ, ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారనీ తెలిపింది. ఆ కార్లన్నీ వాడినవే, అంతకు ముందు ప్రమాదాల్లో ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నవే. చవక డబ్బాలోని లోహం పేలి, కాపాడవలసిన మనిషి మీదికే ముక్కలై వచ్చింది.

నీట మునిగిన కారు

గుద్దుకున్న కారు దెబ్బను దాచలేదు గాని, మునిగిన కారు కడిగి ఆరబెడితే చక్కగా కనిపిస్తుంది. గాలితో పెట్రోలును కలిపి నొక్కే ఇంజనులోకి నీరు చేరితే, నీరు నొక్కుకుపోదు గనుక పిస్టనును మోసే కడ్డీ వంగిపోతుంది. అందువల్ల మునిగిన కారును స్టార్టు చేసి చూడడం మొదటి తప్పు. తీగల అతుకులలో మిగిలిన తేమ వారాల తరువాత ఆకుపచ్చ చిలుమై ఒక్కొక్క పరికరాన్నీ చంపుతుంది. ఉప్పునీరు మరీ ప్రమాదకరం. 2022లో ఇయన్ తుపాను తరువాత ఫ్లోరిడాలో మునిగిన విద్యుత్ కార్లలో కొన్నింటి బ్యాటరీలు నీరు తీసిన తరువాత అంటుకున్నాయి. కొనేవారు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూస్తే, ఎవరూ కడగని ఆ చివరి అడుగులో బురద గీత పట్టుబడుతుంది.

ముద్రను చెరిపేవారు, ముద్రే లేనిచోట

ఒక రాష్ట్రంలో ముద్ర పడిన కారును నిబంధనలు సడలిన మరో రాష్ట్రంలో రిజిస్టరు చేయించి, మచ్చలేని పత్రం సంపాదించే మోసానికి ‘టైటిల్ కడగడం’ అని పేరు. దానిని ఆపడానికి 1992 నాటి చట్టం ద్వారా అన్ని రాష్ట్రాల పత్రాలనూ ఒకచోట చేర్చే జాతీయ వాహన సమాచార వ్యవస్థ ఏర్పడింది. కారు 17 అక్షరాల గుర్తింపు సంఖ్యను ఇచ్చి, స్వల్ప రుసుము చెల్లించి ఎవరైనా దాని గతాన్ని చూసుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రం చేసే సాల్వేజ్ పరీక్ష కూడా వాడిన ప్రతి భాగానికీ రసీదు అడుగుతుంది. దొంగ సామాను పట్టుకోవడమే ఆ పరీక్ష ఉద్దేశం గనుక, అందులో నెగ్గడాన్ని కారు భద్రతకు హామీగా తీసుకోకూడదు. చదువుకోవడానికి వెళ్లి, చేతిలో ఉన్న కొద్ది డాలర్లతో మొదటి కారు కొనుక్కునే తెలుగు విద్యార్థులు ధర చూసే ముందు ఈ సంఖ్యను చూడాలి.

భారతదేశంలో బీమా పాలసీ నిబంధన ప్రకారం మరమ్మతు ఖర్చు కారు ప్రకటిత విలువలో 75 శాతాన్ని మించితే టోటల్ లాస్ కింద పరిగణిస్తారు. ఆరు లక్షల విలువ ఉన్న కారుకు ఆ గీత నాలుగున్నర లక్షల దగ్గర ఉంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఈ లెక్క ఎన్నో కుటుంబాలకు పరిచయమైంది. అయితే అటువంటి కారును ఎవరో కొని, షెడ్డులో టింకరింగూ పెయింటింగూ చేయించి అమ్మితే, దాని ఆర్సీ మీద గతాన్ని చెప్పే ముద్ర ఏదీ ఉండదు. శాశ్వతంగా పనికిరాకుండా పోయిన వాహనం సంగతిని 14 రోజుల్లో రవాణా అధికారికి తెలిపి ఆర్సీని అప్పగించాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతున్నా, శిథిలం కంటే దాని ఆర్సీకీ ఛాసిస్ నంబరుకూ ఎక్కువ ధర ఇచ్చి కొని, వాటిని దొంగిలించిన కారుకు తగిలించే ముఠాలు పట్టుబడుతూనే ఉన్నాయి. ప్రమాదం జరిగినప్పుడు రిజిస్టరులో పేరున్న వ్యక్తే యజమానిగా బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది గనుక, శిథిలాన్ని అమ్మేవారు ఆర్సీ బదిలీనో రద్దునో పూర్తి చేయించకుండా తాళాలు ఇవ్వకూడదు.

ఇక్కడ కూడా ఆర్సీ మీద అటువంటి ముద్ర రావాలి. వచ్చేదాకా ఆ పనిని బాగుచేసినవారే చేయగలరు. ఊడదీయక ముందు కారు ఎలా ఉందో, కోసిన చోట ఉక్కు ఎలా అతికిందో, కొత్త ఎయిర్‌బ్యాగు ఏ పెట్టెలో వచ్చిందో దశదశకూ ఫోటోలు తీసి, బీమా సర్వేయరు నివేదికతో, ప్రతి భాగం రసీదుతో కలిపి ఒక ఫైలుగా దాచి, అమ్మేనాడు తాళంచెవితో పాటు ఆ ఫైలును కొనేవారి చేతిలో పెట్టే మెకానిక్కు కారును నిజంగా బాగుచేసినవాడు.