క్లాసు అయ్యాక ఐదు నిమిషాలు రాసుకుంటే టీచర్‌కి ఏం వస్తుంది?

డీఎస్సీకి చదువుతున్నవాళ్లు, బీఈడీలో ఉన్నవాళ్లు, కొత్తగా బడిలో చేరినవాళ్లు... ఈ రోజు ఎపిసోడ్ ముఖ్యంగా మీకోసమే.

నేను లెక్కల టీచర్‌ని. ఒక ఏడాది ఆరో తరగతిలో 1/2కి 1/3 కలపమంటే సగం మంది 2/5 అని రాశారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశారన్నమాట. నేనేం చేశాను? పద్ధతి బోర్డు మీద మళ్లీ చూపించి, పది లెక్కలు హోంవర్క్ ఇచ్చాను. తర్వాతి ఏడాది కొత్త పిల్లలు, అదే తప్పు. నేను కూడా అదే బోర్డు, అవే పది లెక్కలు! పోయినసారి ఏం జరిగిందో ఎక్కడా రాసుకోలేదు కాబట్టి నాకు గుర్తే లేదు.

ఆ సాయంత్రం నుంచి రాయడం మొదలుపెట్టాను. మూడే ప్రశ్నలు. ఏం నేర్పాలనుకున్నాను? పిల్లలు నిజంగా ఏం అన్నారు, ఏం చేశారు? రేపు ఏం మారుస్తాను?

రెండో ప్రశ్న దగ్గర ఒక అబ్బాయి మాట ఉన్నదున్నట్టు రాశాను. "సార్, రెండు ముక్కల్లో ఒకటి, మూడు ముక్కల్లో ఒకటి. మొత్తం ఐదు ముక్కల్లో రెండే కదా?" క్లాసులో విన్నప్పుడు "తప్పు, కూర్చో" అన్నాను. రాస్తుంటే అర్థమైంది. వాడు ముక్కల్ని సరిగ్గానే లెక్కపెట్టాడు. ఆ ముక్కల సైజు ఒకటి కాదని నేనే ఎప్పుడూ చూపించలేదు.

మర్నాడు ఒకే పొడవున్న కాగితం పట్టీలు ఇచ్చాను. ఒకటి రెండు భాగాలు, ఒకటి మూడు భాగాలు మడిచాం. "2/5 అంటే సగం కన్నా తక్కువ. మరి సగానికి ఇంకొంత కలిపితే తగ్గుతుందా?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. అప్పుడు ఆరు భాగాల పట్టీ ఇచ్చాను. మూడు, రెండు కలిపి ఐదు, అంటే 5/6 అని వాళ్లే చెప్పారు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. డొనాల్డ్ షాన్ 1983లో 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' అనే పుస్తకంలో ఇలాంటి ఆలోచన గురించే రాశారు. పని చేస్తూ ఆలోచించడం ఒకటి, పని అయ్యాక వెనక్కి తిరిగి చూసుకోవడం ఇంకొకటి. మన దేశంలో గిజుభాయి బధేకా, వకీలు వృత్తి నుంచి చదువు చెప్పడంలోకి వచ్చిన మనిషి, నాలుగో తరగతిలో ఒక టీచర్ చేసిన ప్రయోగాలనే కథగా 'దివాస్వప్న' రాశారు.

రాసింది దాచుకోకండి. నా నోట్‌ని తోటి టీచర్‌కి వాట్సాప్‌లో పంపితే ఆవిడ అడిగారు: "ఆరు భాగాల పట్టీ మీరెందుకు ఇచ్చారండీ? పిల్లల్నే వెతకనివ్వాల్సింది కదా!" కాస్త గుచ్చుకుంది. కానీ నిజం. ఒక్క జాగ్రత్త: పిల్లల పేర్లు, ఫోటోలు పెట్టకండి.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం టీచర్ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవాలి. శిక్షణ మంచిదే. కానీ మీ క్లాసులో ఆ అబ్బాయి ఏమన్నాడో ఏ ట్రైనర్‌కీ తెలియదు, మీకే తెలుసు.

నేను రాసుకోని ఆ మొదటి ఏడాది పిల్లలు పై తరగతులకి వెళ్లిపోయారు. వాళ్లకి ఆ పట్టీలు చూపించలేకపోయాను. మీకు ఆ బాధ వద్దు. ఇవాళ్టి క్లాసు గురించి ఫోన్‌లోనే నాలుగు లైన్లు రాయండి. మళ్లీ కలుద్దాం!