‘బ్రాడ్‌కాస్ట్’ – అర్థపరిణామము

ఆంగ్లమునందలి ‘బ్రాడ్‌కాస్ట్’ అను క్రియ వినగనే నేడు స్ఫురించునది రేడియో. కాని యీ పదము పుట్టినది పొలమున. ‘బ్రాడ్’ అనగా విశాలము. ‘కాస్ట్’ అనగా విసరుట. ఈ రెండవది ప్రాచీన నార్సుభాషనుండి వచ్చినది. 18వ శతాబ్దిలో, విత్తనములను చాళ్లయందు వేయక చేతితో నేలయంతట చల్లుటను తెలుపుటకు ఇది విశేషణముగా ప్రయుక్తమైనది. 19వ శతాబ్దిలో క్రియయై, వార్తను వ్యాపింపజేయుట యను లక్ష్యార్థమును పొందినది. 1920 తరువాత రేడియోకు రూఢమైనది. ‘కాస్ట్’ భూతకాలమున మాఱదు గనుక ‘బ్రాడ్‌కాస్ట్’ కూడ మాఱకుండుటయే బహుళవ్యవహారము. ‘బ్రాడ్‌కాస్టెడ్’ అనువారును కలరు.

‘డిస్సెమినేట్’ అను క్రియయు నిట్టిదే. దానియందున్నది విత్తనమను అర్థముగల లాటిను ‘సేమెన్’ పదము.

తెలుగున వీనికి సరిజోడు ‘వెదజల్లు’. ‘వెద’ యనగా విత్తు, విత్తుట. రేడియోకు మనము గ్రహించిన ‘ప్రసారము’న గమనార్థకమైన సంస్కృత ‘సృ’ ధాతువు కలదు, విత్తనము లేదు. పూలు పరిమళమును వెదజల్లుననునపుడు విత్తనార్థము మఱుగుపడినను, వరిని వెదజల్లు రైతు నోట నది నేటికిని నిలిచియున్నది. కావున జ్ఞానవ్యాప్తిని చెప్పుచోట నీ యాంగ్లక్రియలను ‘చెదరగొట్టు’ అని యనువదించుట సరికాదు. చెదరగొట్టుట విడదీయుటకు, వెదజల్లుట మొలపించుటకు.