తక్కువ బొమ్మలు, ఎక్కువ ప్రాణం

ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో ఏదంటే మనవాళ్లు ఠక్కున రామోజీ ఫిల్మ్ సిటీ పేరు చెబుతారు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం డివిజన్‌లో 1,666 ఎకరాల్లో పరుచుకున్న ఆ స్టూడియో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. పిల్లల కోసం 2021లో 12 భాషల్లో మొదలైన ఈటీవీ బాలభారత్ కూడా ఆ గూటిదే. అది భారీతనంలో రికార్డు. బొమ్మలను కదిలించే కళలో మాత్రం గొప్ప రికార్డులు చాలా వరకు డబ్బూ, టైమూ చాలనివాళ్లవే. చవగ్గా, త్వరగా తీసిందల్లా నాసిరకమని కొట్టిపారేసేవాళ్లు ఈ విశేషాలు చూడాలి.

పెదవి కదలని నటులు

మన దేశపు తోలుబొమ్మల్లో అన్నిటికంటే పెద్దవి తెలుగువాళ్లవి. కొన్ని మనిషెత్తు ఉంటాయి. తోలును పలచగా చేసి, రంగులద్ది, భుజం, మోచెయ్యి, మోకాలి దగ్గర కీళ్లు కడతారు. ఈ బొమ్మలు రెప్ప వేయవు, పెదవి కదపవు. ఆ లోటు గొంతు తీరుస్తుంది, యుద్ధం వచ్చినప్పుడు ఆడించేవాళ్ల కాళ్ల కింద చెక్కల మోత తీరుస్తుంది. హాస్య పాత్రలైన కేతిగాడు, బంగారక్క తెర మీదికొస్తే మాటతోనే నవ్విస్తారు. నాట్యకత్తె బొమ్మకు మాత్రం తల విడిగా చేస్తారు, మెడ తిప్పాలి కాబట్టి. శ్రమ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో మన బొమ్మలాటవాళ్లకు ఏనాడో తెలుసు.

700 బొమ్మలతో చరిత్ర

1908లో ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ తీసిన ‘ఫాంటస్మగోరీ’ని చేత్తో గీసిన తొలి కార్టూన్ చిత్రంగా చాలామంది లెక్కిస్తారు. రెండు నిమిషాల లోపు సినిమాకు సుమారు 700 బొమ్మలు. తెల్ల కాగితం మీద నల్ల గీతలు గీసి నెగెటివ్‌గా ప్రింటు వేశాడు. తెర మీద అది నల్లబల్లపై సుద్దముక్క గీతలా కనిపిస్తుంది. రంగుల్లేవు, నేపథ్యం లేదు. ఉన్నదల్లా ఒక ఆకారం ఇంకో ఆకారంగా మారిపోయే వింతే.

గ్యారేజీ పైన సినిమా

నేటికి మిగిలిన యానిమేషన్ సినిమాల్లో అతి పాత పూర్తినిడివి చిత్రం 1926 నాటి ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’. జర్మనీలో లోటె రైనిగర్ ఒక గ్యారేజీ పైగదిలో, అట్టముక్కలను కత్తెరతో కత్తిరించి తీసింది. ఇది త్వరగా అయిన పని కాదు, దాదాపు మూడేళ్లు పట్టింది. సామాను మాత్రం చవకే.

యోగి మెడలో టై ఎందుకు?

‘టామ్ అండ్ జెర్రీ’ సృష్టికర్తలు హన్నా, బార్బెరా 1957లో ఎంజీఎం కార్టూన్ విభాగం మూతపడడంతో టీవీకి వచ్చారు. అక్కడ డబ్బులు అంతంత మాత్రం. యోగి బేర్ అనే ఎలుగుబంటి మెడకు కాలరూ టై తగిలించారు. ఆ గీత దగ్గర తల, ఒళ్లు విడిపోతాయి. ఒళ్లు అలాగే ఉంచి తల ఒక్కటే మళ్లీ గీస్తే సరిపోయేది. పని తగ్గించుకోడానికి పెట్టిన టై చివరికి ఆ ఎలుగుబంటికి గుర్తయింది.

సెకనుకు 8 బొమ్మలు

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. 1963 జనవరి 1న జపాన్ టీవీలో మొదలైన ‘ఆస్ట్రో బాయ్’కి ఒసాము తెజుకా బృందం ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములకు వాడి 8 బొమ్మలతో సరిపెట్టింది. ఒకసారి గీసిన దృశ్యాలను దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడింది. వారానికో అరగంట చొప్పున 193 భాగాలు వచ్చాయి. కదలిక తగ్గిన చోట కథ బరువు మోసింది. ఇవాళ ప్రపంచమంతా చూసే జపాన్ అనిమే ఈ దారినే పెరిగింది.

ఆరు రోజుల్లో ఒక భాగం

అమెరికాలో 1997లో మొదలైన ‘సౌత్ పార్క్’ తొలి భాగాన్ని రంగు కాగితాల ముక్కలతో చేశారు. తర్వాత కంప్యూటర్ వచ్చినా ఆ కాగితపు రూపాన్ని వదల్లేదు. ఆరు రోజుల్లో ఒక భాగం తయారవుతుంది కాబట్టే ఈ వారం వార్త ఈ వారమే కథవుతుంది. ఇక్కడ వేగమే కళ.

తొలి జాతీయ పురస్కారం మనదే

54వ జాతీయ సినిమా పురస్కారాల్లో ఉత్తమ యానిమేషన్ చిత్రం విభాగం కొత్తగా పెట్టారు. తొలి పురస్కారం అందుకున్నది బి. సత్య తీసిన తెలుగు చిత్రం ‘కిట్టు’. 2008లో హైదరాబాద్ గ్రీన్‌గోల్డ్ సంస్థ నుంచి ‘ఛోటా భీమ్’ వచ్చాడు. ధోవతి, లడ్డూ, నాలుగు తేలిక గీతలు. ఏ పిల్లాడైనా నోటుబుక్కు వెనక పేజీలో గీసేయగలడు. అది లోపం కాదు, ఆ బొమ్మ బలం. ఆ తర్వాత యూట్యూబ్‌లో ‘ఫిల్మీమోజీ’ ఎమోజీ తలలకు తెలుగు మాటలు తగిలించి లక్షల మందిని నవ్వించింది.

మొత్తం ఒక్కడే

లాత్వియా కుర్రాడు గింట్స్ జిల్బలోడిస్ ‘అవే’ అనే పూర్తినిడివి చిత్రాన్ని 2019లో ఒంటిచేత్తో తీశాడు. తర్వాత చిన్న బృందంతో, ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన ‘ఫ్లో’ 2025లో ఆస్కార్ గెలిచింది. అందులో ఒక్క మాట కూడా ఉండదు.

చవకైన ప్రతిదీ కళ కాదు. ఆలోచన లేకుండా ఒకే బొమ్మను అటూ ఇటూ జరిపి కథలని అమ్మే వీడియోలు బోలెడు. ఏది కదపాలి, ఏది ఆపాలి అని కూర్చుని ఎంచుకున్నవాళ్ల పనే నిలుస్తుంది. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, ప్రతి చేతిలో ఫోనుంది. తెజుకా లెక్కన పది సెకన్ల సినిమాకు 80 బొమ్మలు చాలు. ఈ సెలవుల్లో గీసి చూడండి.