బిడ్డను సాకే చేతులకూ బలం కావాలి

“మా వాడు చెప్పిన మాట వినడు. చేతికందినది విసిరివేస్తాడు. బడి నుండి వారం వారం కబురు వస్తోంది. వీడికి బుద్ధి కుదిరే లేహ్యం ఏదైనా ఇవ్వండి” అంటూ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లులను నేను తరచుగా చూస్తూ ఉంటాను. పిల్లవానిని పరీక్షించిన పిమ్మట తల్లిని తప్పక ఒక ప్రశ్న అడుగుతాను: “అమ్మా, రాత్రివేళ నీవు ఎంతసేపు నిద్రిస్తున్నావు?” చాలామంది వెంటనే సమాధానం చెప్పలేరు. కొందరి కళ్లు చెమరుస్తాయి.

చరక సంహిత సూత్రస్థానం 9వ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి సేవావిధానం తెలియడం, నేర్పు, అనురాగం, శుచిత్వం అనే నాలుగు గుణాలు ఉండాలి. బిడ్డ ప్రవర్తనలో చిక్కులున్నప్పుడు ఆ పరిచారకులు తల్లిదండ్రులే. ఒక కోడు విరిగిన మంచం ఎవరికి ఆధారం కాగలదు?

రాత్రి జాగరణ వల్ల శరీరంలో రూక్షత పెరిగి వాతం ప్రకోపిస్తుంది. నిరంతర క్రోధం వల్ల పిత్తం ప్రకోపిస్తుంది. తలనొప్పి, అగ్నిమాంద్యం, నడుము నొప్పి, చిన్న మాటకే కసురుకోవడం మొదలవుతాయి. అలసిన తల్లి చేయి చేసుకుంటుంది, బిడ్డ మరింత మొండికేస్తాడు, ఆమె రాత్రంతా కుమిలిపోతుంది. మరునాడు మళ్లీ అదే కథ.

దీనికి తోడు బంధువుల నింద! “అంతా నీ పెంపకమే” అనే మాట ఎందరి ఆరోగ్యాన్నో కృశింపజేసింది. ఆటిజం గాని, నిలకడలేమితో కూడిన అతిచురుకుదనం గాని పెంపకలోపం వల్ల పుట్టేవి కావు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం కూడా ఉన్నది. ఇంటి పెద్దలు ఈ సంగతి గ్రహించాలి.

తల్లిదండ్రులు పాటించదగిన నియమాలు

నిద్ర: రాత్రి బిడ్డను చూసే బాధ్యత భార్యాభర్తలు వంతులవారీగా పంచుకోవాలి. వాగ్భటుడు అభ్యంగంలో శిరస్సుకు, పాదాలకు ప్రాధాన్యమిచ్చాడు. పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్లు పది నిమిషాలు మర్దించి, జారిపడకుండా తుడుచుకోవాలి. నిద్ర కలిగించే వాటిలో గేదెపాలు శ్రేష్ఠమని చరకుని మతం. జీర్ణశక్తి బాగున్నవారు రాత్రి ఒక గ్లాసు వెచ్చగా త్రాగవచ్చు. మధుమేహులు చక్కెర కలుపరాదు.

ఆహారం: బిడ్డ వదిలిన మెతుకులతో నిలబడి కడుపు నింపుకొనే అలవాటు తల్లులు మానాలి. వేళకు కూర్చుండి వేడి అన్నం తినాలి. సాయంత్రం తరువాత కాఫీ, టీ వద్దు.

సత్త్వావజయం: అహితమైన వాటి నుండి మనసును మరల్చడమే ఈ చికిత్స. కోపం పొంగినప్పుడు బిడ్డ క్షేమంగా ఉన్నాడని చూసి, ఇంట్లో మరొకరికి అప్పగించి, పక్క గదిలోకి వెళ్లండి. ముఖం, కాళ్లు కడుగుకొని పదిసార్లు నిదానంగా శ్వాసించండి.

ఏకవాక్యత: ఇంటికి రెండు మూడు నియమాలు చాలు. తండ్రి వద్దన్నది తాత ఇవ్వరాదు. బిడ్డ చేసిన మంచి పనిని అప్పటికప్పుడే మెచ్చుకోవాలి.

రెండేళ్లుగా కంటి నిండా కునుకు లేని ఒక తల్లికి నేను ఈ నియమాలే చెప్పాను. మామగారు సాయంత్రం ఒక గంట మనుమణ్ణి తోటకు తీసుకొనిపోసాగారు. రెండు నెలల తరువాత ఆమె అన్నది: “అయ్యా, వాడి అల్లరి పూర్తిగా పోలేదు. కాని నాకు ఓపిక వచ్చింది. కొట్టడం మానివేశాను.”

హెచ్చరిక: అల్లరి అణచడానికి పిల్లలకు మత్తు కలిగించే నాటుమందులు ఎన్నడూ ఇవ్వరాదు. పిల్లల వైద్య నిపుణుని తప్పక సంప్రదించండి. వారు వ్రాసిన మందులను మీ అంతట మీరు ఆపకండి. రెండు వారాలకు పైగా నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేక, బ్రతుకుపై విరక్తి కలిగితే తైలాలతో కాలక్షేపం చేయవద్దు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

తన ఆరోగ్యం చూసుకోవడం స్వార్థమని ఏ తల్లీ భావించనవసరం లేదు. అది బిడ్డ చికిత్సలో ఒక పాదం.