మన్యపు లోయలో మూడు దినములు

ఖరీఫు వరి కోసి కుప్ప వేసిన పిమ్మట రైతునకు కొన్నిదినముల తీరిక దొరకును. ఆ తీరికలో తీర్థములకు పోవుట మన పల్లెలలో పరిపాటి. మేము ఈ మార్గశిరమున అరకు లోయకు పోయి మూడు దినము లుండి వచ్చితిమి. కొండలను, మంచును, జలపాతములను చూచుటకై ఏటేట వేలకొలది జనులు అచటికి పోవుచున్నారు. వారి వర్ణనలు చదువరులు పెక్కు చదివియే యుందురు. మేము మాత్రము అచటి చేలను, సంతలను, తూనికలను చూడవలెనను కోరికతో పోయితిమి. ఏలయన, ఆ లోయ చూపఱులకు నిశ్శబ్దముగా గానవచ్చినను, అందు మనవంటి సేద్యగాండ్రే బ్రతుకుచున్నారు. మనకున్న చిక్కులే వారికిని కలవు.

విశాఖపట్టణమున వేకువనే కిరండోలు రైలెక్కితిమి. శృంగవరపుకోట దాటువఱకు అంతయు మైదానమే. బొడ్డవర, శివలింగపురము గడచినంతనే బండి కొండ నెక్కసాగెను. బైలదిల్లా గనుల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపానునకు పంపుటకై 1960ల దశాబ్దమున ఈ మార్గమును నిర్మించిరి. దీనిలో 50కి మించిన సొరంగములు కలవు. సిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్నది. అచటినుండి కొంచెము దిగిన పిమ్మట అరకు వచ్చును.

దారిలో బొఱ్ఱా గుహలయొద్ద దిగితిమి. సున్నపురాతి కొండను గోస్థనీనది తొలిచి చేసిన గుహ లవి. లోపలి రాతిస్తంభములను చూచి అందఱు అబ్బురపడుదురు. రైతు తెలిసికొనవలసినది మఱియొకటి కలదు. ఈ గోస్థనియే కొండలు దిగి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. ఇటులే పాడేరు ప్రాంతపు మత్స్యగెడ్డ నీరు మాచ్‌ఖండ్, సీలేరు విద్యుత్కేంద్రములను నడిపి, శబరి ద్వారమున గోదావరిని చేరును. దాళ్వాకాలమున గోదావరి సన్నగిల్లినపుడు, సీలేరునుండి వదలిన నీరే డెల్టా చేలను కాపాడుచుండుట అచటి రైతులెఱిగినదే. కొండమీద అడవి చెడినచో క్రింద కాలువ ఎండును. కనుక మన్యపు మేలు మన్యమువారికి మాత్రమే సంబంధించిన విషయము కాదు.

లోయలో గెడ్డల వెంబడి మెట్లుమెట్లుగా వరిమళ్లు, మెరకలందు చోళ్లు, సామలు కలవు. కొండవాలున అక్కడక్కడ వలిసెలు ఇంకను పసుపుపచ్చగా పూచియుండెను. ఆ పూలయందు నిలిచి చిత్రములు తీయించుకొనుటకు యాత్రికులు గుంపులుగా వచ్చుచున్నారు. అది నూనెగింజల పంట యని, త్రొక్కిన మొక్క తిరిగి లేవదని వారిలో తలచువారు కొందఱే. కొన్ని చేలయొద్ద రైతులు ఇంత సొమ్ము పుచ్చుకొని లోనికి విడుచుచున్నారు. ఇది న్యాయమే యని మాకు తోచినది.

రెండవనాడు సంత చూచితిమి. తెల్లవాఱకమునుపే కొండ యూళ్లనుండి స్త్రీ పురుషులు కావళ్లతోను, తలమూటలతోను దిగివచ్చిరి. పసుపు, అల్లము, పిప్పళ్లు, చింతపండు, రాజ్‌మా చిక్కుళ్లు, అడ్డాకులు, చీపురుకట్టలు నేలమీద పఱచిరి. పూర్వము ఇట్టి సంతలలో జరిగిన వ్యవహారము మన పెద్దలెఱిగినదే. ఉప్పునకు, బట్టకు అప్పిచ్చి, పంట చేతికి రాకమునుపే దానిని తమ సొత్తుగా చేసికొను వర్తకుల చేత గిరిజనులు మిక్కిలి నలిగిరి. ఈ దోపిడిని నివారించుటకే 1956వ సంవత్సరమున విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అది ఒక చేత అటవీ ఫలసాయమును, పంటలను కొనును. మఱియొక చేత డిపోలద్వారా బియ్యము, ఉప్పు మొదలగు నిత్యావసరములను అమ్మును.

కొనుగోలు జరుగుచున్న యొకచోట తూనికయంత్రమువద్ద కొంతసేపు నిలిచితిమి. ఒక వృద్ధురాలు మిరియాల సంచిని భుజమునుండి దింపలేదు. ఏల దింపవని గుమాస్తా యడుగగా, "ముందు సున్నా సూపించు బాబూ, తరవాత సంచెడతాను" అనెను. అతడు పళ్లెమును తుడిచి సున్న చూపించెను. ఆమె చూచి, ప్రక్కనున్న మనుమరాలిచేత చదివించి, అపుడు సంచి దింపెను. ఆ మనుమరాలు బరువును చీటీపై వ్రాసికొనెను. సహకారోద్యమమును గూర్చి మేము విన్న యుపన్యాసములలో ఇంతకంటె సూటియైన పాఠము లేదు. సంఘము మనదే యైనను తూనిక చూడవలసిన భారము మనదే.

అరకు పేరు దేశాంతరములకు ప్రాకుటకు కారణము కాఫీ. నిటారుగా నెదిగిన సిల్వరుఓకు చెట్ల నీడను కాఫీ మొక్కలు, ఆ చెట్లకే ప్రాకిన మిరియపు తీగెలు: ఒకే నేలనుండి రెండు రాబడులు. పోడు సేద్యమున వాన వచ్చినపుడెల్ల మట్టి కొట్టుకొనిపోవు వాలులను ఈ తోటలు పట్టి నిలుపుచున్నవి. వేసవి తొలకరి జల్లులకు పూత వచ్చును. నవంబరు మొదలు జనవరి వఱకు పండ్లు కోయుదురు. ఎఱ్ఱగా పండినవానినే ఏరి, కోసిన దినముననే తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టినచో మంచి వెల వచ్చును. పచ్చికాయలు, పండ్లు కలిపి దూసి, నేలపై నెండబెట్టినచో వెల తగ్గును. సుమారు ఆఱు కిలోల పండ్లకు ఒక కిలో గింజ లభించును. కాబట్టి తొందరపడి దూసినవాడు ఆఱుపాళ్ల శ్రమ పడి ఒకపాలుకు తక్కువ ధర పొందును.

ఒంటరి రైతు తొక్కతీయు యంత్రమును కొనజాలడు. పారిస్‌లోని వర్తకునితో బేరమాడజాలడు. చిన్న, సన్నకారు గిరిజన రైతులు పరస్పర సహాయక సహకార సంఘముగా నేర్పడి, పండ్లను ఒకచోట చేర్చి, ఒకే పద్ధతిని శుద్ధిచేయుటచేతనే వారి సరకునకు నిలుకడ వచ్చినది. 2017లో పారిస్ నగరమున అరకు పేరుతోనే కాఫీ అంగడి వెలసినది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

అయినను ఈ సంపదకు ఇటీవల ముప్పు వచ్చినది. కాఫీకాయను తొలుచు పురుగు మన దేశమున 1990లో నీలగిరులలోని గూడలూరువద్ద మొదట కనబడినది. అరకు తోటలలో అది 2025లో బయటపడినది. ఆవగింజకు మించని నల్లపురుగు. ఆడుది కాయ కొనను రంధ్రము చేసికొని లోపల గ్రుడ్లు పెట్టును. పిల్లలు గింజనే తినును. కోత ముగిసిన పిమ్మట చెట్టున మిగిలిన కాయలలోను, నేల రాలిన వానిలోను దాగియుండి, మఱుసటి పంటను పట్టుకొనును. దీనికి విరుగుడు మందుకంటె ముఖ్యముగా శుభ్రతయే. ఒక్క కాయయైన విడువక కోయుట, రాలినవి ఏరుట, పురుగు పట్టినవానిని మరుగునీట ముంచుట, గోనెలను ఒకతోటనుండి మఱియొక తోటకు త్రిప్పకుండుట అవసరము. పురుగు బయటపడినంతనే ఉద్యోగులు, రైతులు కలిసి తోటలను వెదకి, పట్టిన కాయలను నాశము చేయించిరి. పదిమంది శ్రద్ధ వహించి పదునొకండవవాడు ఉపేక్షించినచో పదిమంది శ్రమయు వ్యర్థము. కంచె, కాపలా ఈ పురుగును ఆపజాలవు. ఊరంతయు ఒక్కమాటపై నిలుచుటయే దానిని ఆపును.

ఇందు యాత్రికునకును పాలు కలదు. ముచ్చటకై కోసి జేబులో వేసికొన్న నాలుగు కాయలే పురుగును మఱియొక కొండకు చేర్పగలవు. కనుక అనుమతి లేనిదే తోటలో కాలు పెట్టరాదు. కాయలను తెంపరాదు, వెంట తేరాదు. ఏదేని తేదలచినచో వేయించిన పొడిని, మిరియములను, తేనెను, పసుపును సహకార సంస్థ అంగడిలో గాని, సంతలో పండించినవారి చేతినుండి గాని కొనవలెను. సంతలో స్వల్పమునకై గీచిగీచి బేరమాడుట మనకు తగదు. ధాన్యపు దళారి మనతో నట్లాడినపుడు మన కెట్లుండునో తలచుకొనిన చాలును.

ఈ లోయ నెమ్మది ఊరక వచ్చినది కాదు. 1882 నాటి మదరాసు అటవీచట్టము పోడును కట్టడిచేయగా మన్యము కుమిలినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో అల్లూరి సీతారామరాజు పోరాట మారంభమైనది. 2022 ఏప్రిలు 4న పాడేరు ముఖ్యపట్టణముగా నేర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. 1970 నాటి 1/70 నిబంధన గిరిజనుల భూమి ఇతరుల పాలు కాకుండ కాచుచున్నది. 1997లో సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టు, షెడ్యూలు ప్రాంతపు భూములను గనులకై ప్రైవేటు కంపెనీలకు కౌలు కిచ్చుట చెల్లదని తీర్పు చెప్పినది; ఆ వివాదము పుట్టినది బొఱ్ఱా పరిసరములందే. ఈ రక్షణలు లేనిచో నేడు మనము చూచు పచ్చని వాలులలో పెక్కు, పండించువారి చేత నుండెడివి కావు.

పోదలచిన సోదరులకు కొన్ని మాటలు. నవంబరు మొదలు జనవరి వఱకు కాలము మేలు. చలి హెచ్చుగా నుండును గనుక ఉన్నిబట్టలు తప్పవు. పోవునపుడు రైలును, వచ్చునపుడు అనంతగిరి ఘాటుదారిని ఎన్నుకొన్నచో రెండును చూడవచ్చును. ఆదివారము, పండుగదినములు రద్దీ మిక్కుటము. మన సంఘములు ఏటేట సభ్యులను పరిశోధనాక్షేత్రములకు పంపుచున్నవి. ఈ మాఱు పదిమందిని ఒక మన్యపు సంతకును పంపుట మంచిది. అచట పంట పండించు విధానమునే కాక, పండిన పంటను సున్న చూచి తూచు విధానమును గూడ నేర్చికొని రాగలరు.