దిగుడుబావిలో నారికురుపు

కాలి మడమ దగ్గర బొబ్బ లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మంట. నీళ్లలో కాలు పెడితే తప్ప చల్లారదు. ఊరంతటికీ దిగుడుబావి ఒక్కటే దిక్కయితే, కాలు పెట్టేదీ ఆ మెట్ల మీదే, బిందె ముంచేదీ అక్కడే.

నారికురుపు వ్యాపించేది సరిగ్గా ఇలాగే. నీళ్లు తగలగానే బొబ్బ చిట్లుతుంది. తెల్లటి నూలుదారంలా, మీటరు దాకా పొడవుండే ఆడపురుగు తల బయటపెట్టి లక్షల కొద్దీ పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. మన బాధే దానికి దారి చూపిస్తుంది. ఇంత కిరాతకమైన ఏర్పాటు ఇంకే రోగంలోనూ నాకు కనపడలేదు.

ఆ పిల్లలు నేరుగా మనిషిని పట్టలేవు. ముందు సైక్లోప్స్ అనే నీటిపురుగు వాటిని మింగాలి. అది ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. బిందెలో నీళ్లు తేటగా ఉన్నాయనుకునేవారికి అది కంట పడదు. దాని ఒంట్లో రెండు వారాలు పెరిగాక ఆ నీళ్లు తాగామా, మన పొట్టలోని ఆమ్లానికి సైక్లోప్స్ చస్తుంది కానీ లోపలి పిల్ల బతికి, పేగు గోడ తొలుచుకుని పోతుంది. జతకట్టాక మగది చచ్చిపోతుంది. ఆడది దాదాపు ఏడాది పాటు చర్మం అడుగుకు చేరుతూ పెరుగుతుంది. ఆ ఏడాదీ మనిషికి ఏమీ తెలియదు. పోయిన వేసవిలో తాగిన నీళ్లకూ ఈ వేసవి బొబ్బకూ లంకె ఎవరికి తడుతుంది? సైక్లోప్స్ సంగతి 1870లో రష్యా శాస్త్రవేత్త ఫెద్చెంకో చెప్పేదాకా శాస్త్రానికీ తెలియలేదు.

దీన్ని చంపే మందు లేదు, టీకా లేదు. బయటికొచ్చిన కొసను పుల్లకు చుట్టి, రోజుకు కాస్త చొప్పున వారాల తరబడి లాగాల్సిందే. మధ్యలో తెగితే కాలు వాచి చీము పడుతుంది.

మందు లేని ఈ రోగాన్ని మన దేశం గుడ్డముక్కతో గెలిచింది. నీళ్లను దళసరి గుడ్డలో వడకడితే సైక్లోప్స్ పైనే ఆగిపోతుంది. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, బావుల్లో సైక్లోప్స్‌ను చంపే టెమిఫాస్ రసాయనం కలిపారు. కురుపు లేచినవారిని నీళ్లలో దిగనివ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో ఉండిన రోగం, 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో చివరిసారి కనిపించింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు విముక్తి పత్రం ఇచ్చింది. మశూచి గురించి చెప్పుకున్నంతగా దీని గురించి చెప్పుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఆఫ్రికాలోని చాద్‌లో ఇప్పుడు ఇది కుక్కలకూ సోకుతోంది. అక్కడి ఊళ్లలో వాటిని చెరువుల వైపు పోకుండా ఇళ్ల ముందు కట్టేసి ఉంచుతున్నారు.