పాచిక లెక్క తెలిసినవారికే క్వాంట్ కొలువు

నంద్యాల: డిగ్రీ పట్టా చేతికి రాగానే నంద్యాల, ఆళ్లగడ్డ కుర్రవాళ్లు పట్టే దారులు తెలిసినవే. బ్యాంకు పరీక్షలు, డీఎస్సీ, కాదంటే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కంప్యూటరు ఉద్యోగం. వీటికి తోడు ఇప్పుడు ‘క్వాంట్ ట్రేడింగ్’ అనే మాట వినబడుతోంది. జీతాలు భారీగా ఉంటాయన్నది నిజమే. అయితే అది ఏం పనో తెలిసినవారు తక్కువ.

పత్తి వ్యాపారి ఒక ధరకు కొని, కాస్త ఎక్కువకు అమ్ముతాడు. ఆ తేడాయే అతని లాభం. స్టాక్ ఎక్స్ఛేంజిలో ఇదే పనిని కంప్యూటరు రెప్పపాటు కన్నా వేగంగా, రోజంతా చేస్తుంది. దానికి కావలసిన సూత్రాలు రాయడం, పాత ధరలతో సరిచూడడం, నష్టం ఎంతవరకు రావచ్చునో తేల్చడం ఉద్యోగి పని. పెట్టుబడి కంపెనీది.

1991 ఉప ఎన్నికలో నంద్యాల నుంచి గెలిచిన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగానే, 1992లో సెబీ చట్టం వచ్చింది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో కంప్యూటర్ల మీద వ్యాపారం మొదలైంది. ఈ ఉద్యోగాలకు పునాది అక్కడే పడింది.

ఇంటర్వ్యూలో అడిగేది షేర్ల కబుర్లు కాదు. పాచిక వేస్తే ఎంత పడితే అన్ని రూపాయలు ఇస్తారు, ఆటకు 4 రూపాయలు కట్టాలి, ఆడతావా? ఒక్కో ఆటకు సగటు రాబడి మూడున్నర రూపాయలే. ఆడితే అర్ధ రూపాయి నష్టం. ఈ లెక్క నోటితో తేల్చాలి. సంభావ్యత, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగు గట్టిగా రావాలి.

ఈ లెక్క నేర్వకుండానే కొందరు ఫోనులో ఆప్షన్లు ఆడుతూ అదే ఉద్యోగమనుకుంటున్నారు. ప్రమాదం ఇక్కడే ఉంది. 2024 సెప్టెంబరులో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. 2023-24లో విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం కంప్యూటరు సూత్రాలతో వచ్చినవే. ఫోను పట్టుకున్న కుర్రవాడికి ఎదురుగా కూర్చున్నది ఆ యంత్రమే.

ఈ కంపెనీలు ఎక్కువగా ఐఐటీల్లోనే ఎంపికలు జరుపుతాయి. అలాగని డిగ్రీ కాలేజీ విద్యార్థికి తలుపులు మూసుకోలేదు. బీఎస్సీ గణితం చదివినవారు ‘జామ్’ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రవేశ పరీక్ష వేరుగా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అది దొరకక 1941లో చేరింది ఆ సంస్థలోనే. 1945లో ఆయన ప్రచురించిన సూత్రాన్ని నేటికీ ప్రపంచమంతా పాఠంగా చదువుతోంది.

ఆళ్లగడ్డ శిల్పి కొలత వేయనిదే రాతి మీద ఉలి పెట్టడు. పొలం తాకట్టు పెట్టి ట్రేడింగుకు డబ్బు అడిగే కొడుకును తండ్రి ముందుగా అడగవలసింది ఆ కొలత గురించే.